నడక సరిచేసే చెప్పులు

నా చీలమండలు లోపలికి ఒరుగుతాయని, ఊళ్లో నడక వంకరగా ఉన్నవాళ్లందరికీ ఇచ్చినట్టే ఆరోగ్యశాఖ వాళ్లు నాకూ నడక సరిచేసే చెప్పులు ఇచ్చారు. అడుగడుగునా అవి పాదాన్ని బయటికి నెడతాయి. రోజుకు ఎనిమిది వేల అడుగులు తప్పనిసరి, లెక్క చెప్పులే చూసుకుంటాయి. నాకేమో బద్ధకం. ఆర్నెల్లుగా వాటిని మా పనిమనిషి పైడమ్మకు తొడిగి బీచిరోడ్డు మీద నడిపిస్తున్నాను. మొదట్లో ఆమె పాదాల్లో ఏ వంకరా లేదు.

ఈ ఉదయం చెప్పులు మాట్లాడాయి. "మీ చీలమండలు ఇక లోపలికి ఒరగడం లేదు. ఇలాగే నడవండి."

"మీ కాళ్లు బాగయిపోనాయమ్మా!" అంటూ పైడమ్మ గిన్నెలు వదిలేసి సంబరంగా వచ్చింది. పాదాల బయటి అంచుల మీద ఒరుగుతూ, మోకాలు పట్టుకుని వచ్చింది.

"ఇయ్యాల్టివి కూడా నడిసొచ్చేత్తాను. ఇలాగియ్యండి."

వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్పులు ఆమె ముందుకు జరిపాను.