కొట్టివేతలు

విజయనగరం వైజ్ఞానిక కథకుల సంఘం పత్రికకు కథ పంపాలంటే చేత్తో రాసి, కొట్టివేతలతో సహా పంపాలి. ఇంటింటా మిషన్లే పెన్ను పట్టి కథలు రాసిపెడుతున్న రోజుల్లో మనిషి రాతకు అదొక్కటే ఆనవాలు.

సంపాదకురాలు సుభాషిణి ఒక కొత్త కథను భూతద్దంతో చూసి, పక్కన ప్రూఫులు దిద్దుతున్న పైడిరాజు మాస్టారి ముందుకు తోసింది. నలభై ఏళ్లుగా ఆయన ఆ పత్రికకు కథలు రాస్తున్నారు.

"ఇది మిషను పనే మాస్టారూ. కొట్టేసిన ప్రతి మాటకన్నా పైన రాసిందే బాగుంది. మనిషైతే ఎక్కడో ఒకచోట మంచి మాట కొట్టేసి చెత్తమాట ఉంచుతాడు."

"నిజమేనమ్మా. కొత్తోళ్లకి సలహాల పేజీలో రాసీ, పనికొస్తాది."

సుభాషిణి రాసింది.

మరుసటి నెల పదకొండు కథలొచ్చాయి. మొదటి పదింటిలోనూ ఒక్కో మంచి మాట కొట్టేసి ఉంది. ఏ కథలోనూ అలాంటిది రెండోది లేదు. పదకొండోది మాస్టారిది. అందులో "పొద్దుగూకింది" కొట్టేసి, పైన "సాయం సమయం ఆసన్నమైనది" అని రాసి ఉంది.

సుభాషిణి భూతద్దం దించి ఆయన వంక చూసింది.

"ఏటమ్మా, తప్పులేవైనా ఉన్నాయేటి?" అన్నారు మాస్టారు.

"సరిగ్గా ఒక్కటే," అంది సుభాషిణి.