బురద అబద్ధం చెప్పదు

"నాలుగో స్థానమా? ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట" అన్నాడు సబ్బు బాబాయ్, సెలూన్ కుర్చీలో మెడకి గుడ్డ కట్టించుకుంటూ.

ఫుట్‌బాల్ క్లబ్బు బట్టలన్నీ ఇరవై రెండేళ్ళుగా ఉతికేది ఆయనే. అందుకే ఊరంతా ఆయన్ని అలా పిలుస్తుంది. ఆదివారం పొద్దున్నే గడ్డానికి వస్తాడు. గడ్డం పూర్తయ్యేలోపు టీమును కూడా ఉతికి ఆరేసి పోతాడు.

నిన్న క్లబ్బు ఓడిపోయింది. ఇప్పుడున్నది అయిదో స్థానం. మిగిలినవి రెండే మ్యాచ్‌లు. నాలుగు లోపు నిలిస్తే వచ్చే ఏడాది పెద్ద లీగ్‌లో ఆడుతుంది. లేదంటే ఖర్చు తగ్గించడానికి లాండ్రీ గది మూసేసి, బట్టలు బయటి కంపెనీకి ఇస్తానని ఓనరు నోటీసు అంటించాడు. అంటే బాబాయ్ ఇంటికే. యాభై ఎనిమిదేళ్ళవాడికి ఇంకెవడు పనిస్తాడు?

రిటైరైన లెక్కల మాస్టారు బెంచీ మీద కూర్చుని పేపరు అంచున ఏవో అంకెలు గీస్తున్నాడు. "మనం రెండూ గెలిచి, ఇప్పుడు నాలుగులో ఉన్నవాళ్ళొకటి డ్రా చేసుకుంటే చాలు. నాలుగో స్థానం మనదే."

"మీ లెక్కలో ఆ పదకొండో నంబరు వాణ్ణి ఎక్కడ వేశారు మాస్టారూ? కూడికలోనా, తీసివేతలోనా?"

సెలూన్ కుర్రాడు కత్తి ఆపాడు. "మళ్ళీ మొదలెట్టావా బాబాయ్. వాడి ఊసెత్తొద్దని పిన్ని చెప్పలేదూ?"

"ఆవిడ చెప్తూనే ఉంటుంది. నిన్న చూశావుగా. బంతి వాడి కాళ్ళ దాకా వచ్చి, పలకరించి, దాని దారిన అది పోయింది. వీడు నడుం మీద చేతులేసుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. మ్యాచ్ మొత్తమ్మీద పరిగెత్తింది ఒక్కసారి. అదీ హాఫ్ టైములో, మంచినీళ్ళకి."

"చిన్నవాడు. నేర్చుకుంటాడులే" అన్నాడు మాస్టారు.

"ఇరవై నాలుగేళ్ళొచ్చాయి. ఇంకెప్పుడు, పళ్ళూడాకా? గోళీలాడే వయసు నుంచీ చూస్తున్నాను వాణ్ణి. ఒళ్ళొంచింది ఎన్నడూ లేదు. అక్కడ ప్రాణం పెట్టి పరిగెత్తే ఇంకో కుర్రాణ్ణి ఏడాదిగా బెంచీకి మేకు కొట్టినట్టు కూర్చోబెట్టారు. వీడి బదులు ఆ కుర్రాణ్ణి ఆటలోకి దింపితే రెండు మ్యాచ్‌లూ మనవే. వీడున్నన్నాళ్ళూ ఆరో స్థానం కూడా ఎక్కువే."

"అది కోచ్ చూసుకుంటాడు. ఆయన పద్ధతి ఆయనకుందిగా."

కోచ్ పద్ధతి తెలియనివాళ్ళు లేరు. మ్యాచ్ మర్నాడు పదకొండింటికి లాండ్రీ గదికి వచ్చి, ఉతక్కముందే జెర్సీలన్నీ ఒక్కొక్కటీ ఎత్తి చూస్తాడు. మట్టి అంటని జెర్సీ ఎవడిదైతే వాడు వచ్చే మ్యాచ్‌కి బెంచీ ఎక్కాల్సిందే, గోల్ కొట్టినవాడైనా సరే. నోరు అబద్ధం చెప్తుంది, బురద చెప్పదు అంటాడు.

"పదకొండో నంబరు జెర్సీయే అన్నిటికంటే మురికిగా ఉంటుందట" అన్నాడు మాస్టారు. "పోయిన నెల దాన్ని కర్రకి తగిలించి, ఆడితే ఇలా ఆడాలిరా అని టీమందరికీ చూపించాడట. ఉతికేవాడివి నువ్వే కదా, నువ్వే చెప్పు. ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది" అన్నాడు బాబాయ్, ఒప్పుకోక తప్పనట్టు.

"మరింకేం?"

"మ్యాచ్ చూడ్డం చేతకాక బట్టల్లో ఆట వెతుక్కునే మనిషి ఆయన. ఆయన కళ్ళద్దాలు కూడా నా తొట్లో పడేస్తే ఉతికిపెడతాను."

కుర్రాడు నవ్వాపుకుంటూ మొహం తుడిచాడు. "నీది నోరు కాదు బాబాయ్. మనవాణ్ణి మనమే వెనకేసుకు రాకపోతే ఎవరొస్తారు?"

"వెనకేసుకొచ్చేవాళ్ళు ఉండబట్టే వాడిలా తగలడ్డాడు."

"సరేగానీ, గోళ్ళు కూడా తీసేయనా? సందుల్లో ఎన్నాళ్ళ మట్టో పేరుకుపోయింది."

"మురికి బట్టలుతికేవాడి గోళ్ళలో మట్టి కాక అత్తరు ఉంటుందా?" బాబాయ్ గుడ్డ విప్పుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "రాసిపెట్టుకోండి మాస్టారూ. ఆరో స్థానం. నా పని పోయేది వాడి మూలాన్నే."

క్లబ్బు లాండ్రీ గదికి చేరేసరికి పది నలభై. తాళం తీసి, నిన్నటి బుట్ట బల్ల మీద బోర్లించాడు. కోచ్ చూడ్డానికి వీలుగా జెర్సీలన్నీ నంబర్ల వరసలో పరిచాడు. నాలుగుకి మోచేతుల దాకా బురద. ఏడు పక్కటెముకల దగ్గర చిరిగింది, పచ్చగడ్డి మరక వేరే. గోల్‌కీపరుదైతే రంగే తెలియడం లేదు.

పదకొండు చేతికొచ్చింది. గురువారం తను చేసిన ఇస్త్రీ మడత చేతుల మీద అలాగే ఉంది. ముక్కుకి ఇంకా సబ్బు వాసనే తగిలింది.

ఒళ్ళు మండిపోయింది బాబాయ్‌కి. "సిగ్గులేని వెధవ" అన్నాడు పైకే.

గోడ మీద ఓనరు నోటీసు ఉంది. మళ్ళీ ఒకసారి చదివాడు. గడియారంలో ఇంకా పదిహేను నిమిషాలున్నాయి.

తలుపు గడియ పెట్టి, బల్ల కింద దాచుకున్న తడిమట్టి డబ్బా బయటికి లాగి, ప్రతి ఆదివారం లాగే కొడుకు జెర్సీకి ముందూ వెనకా శ్రద్ధగా పులమడం మొదలుపెట్టాడు.