బాబా పనితనం

తుపాకి సుత్తి మళ్లీ పక్కకే పడింది. ఇంటి యజమాని బాబా పళ్లు కొరుకుతూ దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.

అరబ్బు దేశంలో, అల్ రయ్యాన్‌లోని ఆ విల్లాలో మధ్యాహ్నం నమాజు తర్వాత మొదలైన పని ఇది. తుపాకి బాబా తాతగారిది. మూతిలోంచి మందు కూరి, వెనక బొడిపె మీద రాగి టోపీ పెడితే, సుత్తి పడి పేలే పాతకాలపుది. రేపు కొడుకు పెళ్లిలో మగవాళ్లంతా వరసగా నిలబడి ఆడేటప్పుడు బాబా దాన్ని పట్టుకుని, అందరి ముందూ ఒక్క టోపీ పేల్చాలి. సుత్తేమో వదులై బొడిపె అంచున పడుతోంది. ఇంటివాళ్లు తప్ప పరాయివాళ్లు ఆ తుపాకిని ముట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు.

డ్రైవర్ నారాయణప్ప టార్చి పట్టుకుని నిలబడ్డాడు. వంటవాడు ఫయాజ్ కాఫీ పోస్తున్నాడు. ఇద్దరిదీ కడపే. పెద్దక్క అనే కడప ఆవిడ చిన్నప్పుడు బాబాను ఎత్తుకుని పెంచి, ముప్పై ఏళ్లు నమ్మకంగా చేసి వెళ్లిన ఇల్లు అది. అప్పట్నుంచీ అక్కడ పనికి కడపవాళ్లనే పెట్టుకుంటున్నారు.

"అన్నా, లీవు అడిగినావా?" ఫయాజ్ తెలుగులో మెల్లగా అడిగాడు.

"యాడ అడిగేది? మీ వదిన లలితకు కాన్పుకు ఇంగ పది దినాలే టైము. ఈ సుత్తి కుదిరితే అడుగుతా. కుదరకపోతే బాబా మొగం చూడలేం."

నారాయణప్ప కొలిమిలో పుట్టినవాడు. ఊళ్లో అడవిపందులను బెదిరించే తుపాకులన్నీ బాగుకు వాళ్ల నాయన దగ్గరికే వచ్చేవి. బాబా ఆకురాయి పట్టిన తీరు చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

"మసి పట్టిచ్చి చూడకుండా రాకితే ఎట్లప్పా?" అని గొణిగాడు.

బాబా ఆకురాయి కింద పెట్టాడు. "ఫయాజ్, కొవ్వొత్తి! యల్లా!" అని అరబ్బీలో తొందరపెట్టాడు. బొడిపెకు మసి పట్టించి సుత్తి మెల్లగా దించాడు. సుత్తి లోపల ఒక అంచునే నలుపు అంటింది.

"సుత్తి బిగిసే కన్నం ఉండాదే, దాని కుడి మూల రవ్వంత రాకాల," అన్నాడు నారాయణప్ప ఫయాజ్‌తో.

ఆకురాయి కుడి మూలకే వెళ్లింది.

నారాయణప్ప నోరు తెరిచాడు. "చూసినావా ఫయాజ్! ఇది నేర్చుకుంటే వచ్చేది కాదురా. తాత రక్తం! ఇంగ ఎదురు సందులో ఇత్తడి రేకు దూర్చాల. అది గూడా తట్టిందంటే ఈయనకు దండం పెడతా."

బాబా కన్నంలోని రజను ఊదేశాడు. తర్వాత, ఇత్తడి రేకు ముక్క ఏదైనా ఉందేమో చూడమని అరబ్బీలోనే ఫయాజ్‌ను లోపలికి పంపాడు.

నారాయణప్ప టార్చిని ఇంకా దగ్గరికి దించాడు. ఇంతటి చేతిని అతను వాళ్ల నాయన దగ్గర కూడా చూడలేదు.

ఫయాజ్ తెచ్చిన రేకు దూర్చి, గంటసేపు మసి, ఆకురాయి, మళ్లీ మసి. చివరికి నలుపు సరిగ్గా మధ్యలో గుండ్రంగా పడింది. బాబా టోపీ పెట్టి, ఖాళీ తుపాకి ఎత్తి మీట నొక్కాడు. ఠప్పుమంది!

నారాయణప్ప రెండు చేతులూ జోడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడన్నా అడుగన్నా," ఫయాజ్ మోచేత్తో పొడిచాడు.

"ఉండప్పా, ఇట్లాంటి పనోడి ముందర నోరు లేస్తాదా?"

బాబా తుపాకిని తుడిచి గోడకు ఆనించాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"కాన్పుకు పోయిరాప్పా, పనోడివి నువ్వే గదా," అన్నాడు అచ్చ కడప యాసలో.