పన్నెండు కొట్టకముందే

"ఎండకు అరగకూడదు. వానకు జారకూడదు. నేను తోల్తే రోడ్డుకు అతుక్కోని పోవల్ల. అట్లాంటి టైర్లు ఇయ్యన్నా."

సునీల్ మాటలకు హిందూపురం టైర్ల అంగడి ఓనరు గంగాధర నవ్వాడు.

గౌరి నవ్వలేదు. మొగుడు మలుపుల్లో కూడా బ్రేకు తొక్కే రకం కాదని ఆమెకు తెలుసు. చంకలో ఏడాదిన్నర బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. గోడ గడియారం పదకొండు దాటింది. బుధవారం. పన్నెండుకు రాహుకాలం వచ్చేస్తుంది. ఆలోగా బండి కదలాలి. లేకపోతే ధర్మవరంలో పుట్టింటికి చేరతామో, ఇంకెక్కడ తేలతామో అని ఆమె భయం.

గంగాధర రెండు రకాల టైర్లు దొర్లించుకొచ్చాడు. సునీల్ చెయ్యి వెడల్పాటి దాని మీద పడింది.

"ఇదే! పులి మాదిరి ఉండాది."

"వానలో జారదా?" అంది గౌరి.

"జారుతాదమ్మా."

ఆ మాట మూలనుంచి వచ్చింది. ఒక పెద్దాయన లుంగీ ఎగ్గట్టి, పాత జీపు చక్రం బోల్టులు విప్పుతున్నాడు. మోచేతుల దాకా నలుపే.

"అది ఎండలో పులే. వానొస్తే పిల్లి. పక్కది చూడండి. గీతలు లోతుగా ఉండాయి. నీళ్ళను పక్కకు చిమ్మేస్తాది. ఎంత మలుపులోనూ పట్టు ఇడవదు."

"నీ బోల్టులు నువ్వు ఇప్పుకో పెద్దాయనా," అన్నాడు సునీల్.

"పక్కదే తీసుకో. లేకుంటే నేనూ బిడ్డా బస్సుకు పోతాం," అంది గౌరి.

సునీల్ పులిని వదులుకున్నాడు.

పొద్దుటి నుంచి లేని కరెంటు అప్పుడే వచ్చి, ఆగిపోయిన టైర్ల మిషను తిరిగింది. గంగాధర మూలకు వెళ్ళి పెద్దాయనతో ఏదో మాట్లాడి వచ్చి, వీళ్ళ కారును జాకీ ఎక్కించమన్నాడు.

"బిన్నా కానీండన్నా, బిన్నా కానీండి," అని తొందరపెడుతూ గౌరి పనివాళ్ళ నెత్తిన నిలబడింది. ఒక కన్ను చక్రాల మీద, ఒక కన్ను గడియారం మీద.

పన్నెండుకు పది నిమిషాలు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి కారెక్కింది. సునీల్ తాళం తిప్పాడు.

పెద్దాయన వచ్చి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"దిగప్పా. ముందు చక్రాలు తారుమారైనాయి."

"ఏమబ్బా, అడ్డం లేయ్!"

"టైరు మింద బాణం గుర్తు చూడు. ముందుకు చూడవల్ల, వెనక్కి చూస్తాండాది. కుడిది ఎడమకు ఏసినారు. ఇట్లే పోతే వానలో నీళ్ళు చిమ్మదు, నీళ్ళ మింద తేల్తాది."

"రాహుకాలం వస్తాండాది పెద్దాయనా!" గౌరి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఆడికి పోయి మార్చుకుంటాంలే, జరుగు."

"ఆడికి పోవల్ల కదా తల్లీ."

ఆయన జరగలేదు. ఒకరిని కేకేసి తానే జాకీ పెట్టాడు. తానే చక్రాలు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. ఆయన లేచేసరికి పన్నెండుంబావు.

గౌరికి ఏడుపొక్కటే తక్కువ.

"మా మంచి గడియ మింగేస్తివి కదప్పా! నీకేమి, పొద్దుగూకులూ ఈడ్నే కూచుంటావు. దోవలో మాకేమన్నా అయితే ఆ పాపం నీదే."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఏం కాదులే తల్లీ. పోయిరాండి."

రాహుకాలం పోయేదాకా, ఒకటిన్నర దాకా ఆగుదామని గౌరి అంటే సునీల్ వినలేదు.

"రాహువేమన్నా టోల్‌గేటులో కూచోనుండాడా? ఆడ మీయమ్మ అన్నం కలుపుకోని చూస్తా ఉంటాది."

గౌరి దారి పొడుగునా బిడ్డను ఒళ్ళో అదుముకుని ఆ నల్లచేతుల మనిషినే తిట్టుకుంటూ కూర్చుంది.

సోమందేపల్లి దాటాక వాన పట్టుకుంది. సునీల్ వేగం తగ్గించలేదు. పెనుకొండ కొండ మసకగా కనబడుతుండగా, మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు.

సునీల్ బ్రేకు మీద నిలబడ్డాడు. గౌరి కళ్ళు మూసుకుంది.

కారు జారలేదు. పక్కకు తిరగలేదు. గీత గీసినట్టు వచ్చి, చివరి గొర్రెకు మూరెడు దూరంలో ఆగింది.

"ఏమబ్బా, అదేమన్నా ఇమానమా?" గొంగడి కప్పుకున్న కాపరి కర్ర ఊపుతూ పోయాడు.

సునీల్ వానలోనే దిగి, ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు.

"ఆయప్ప ఇప్పకపోయింటే..."

మిగతాది గౌరికి చెప్పనక్కర్లేకపోయింది.

"గంగాధరన్నకు ఫోన్ చెయ్యి," అంది. "ఆ పనాయనతో నేను మాట్లాడవల్ల."

స్పీకర్లో గంగాధర గొంతు వినబడింది. "పనాయనా? ఎవరమ్మా?"

"అదే అన్నా, మా చక్రాలు మార్చిన పెద్దాయన. రోంత ఫోనియ్యి. నోటికొచ్చినట్ల అనేస్తి."

"ఆయన మా పనాయన కాదమ్మా. గుడిబండ రామాంజనేయులు. ముప్పై ఏండ్లు లారీ తోలినాడు. ఆ జీపు ఆయందే."

గౌరి ఫోను దగ్గరకు లాక్కుంది. "ఆడే ఉండాడా?"

"లేదు. టైర్లు మార్చుకోకుండానే ఇంటికి పాయె. ఇంగ ఈ దినం ప్రయాణం వద్దులే అన్నాడు."

"యాలన్నా?"

అవతల గంగాధర మిషను ఆపమని ఎవరికో కేకేశాడు.

"కూతురి నిశ్చితార్థానికి ధర్మవరంలో పట్టుసీర తేవల్ల, రాహుకాలం రాకముందే బయల్దేరవల్ల అని పొద్దున ఏడుకే వచ్చి కూచున్నాడమ్మా. నీ చంకలో బిడ్డ ఏడుస్తా ఉంటే చూడలేక, 'ఆ తల్లిని ముందు పంపీప్పా' అని తన వంతు మీకిచ్చేసినాడు."