కేసులో లేని మనిషి

"ఎవరో పై కోర్టుకు పోయిన్రు సార్. కేసుల లేని మనిషంట. అప్పీలు చేసుకుంటం, పర్మిషన్ ఇయ్యమని అడుగుతున్నరు," అన్నాడు ఫోనులో వకీలు బాలకిషన్. "పేరు ఇంక తెల్వలె. కాగితాలు చేతికొస్తె చెప్త."

కిషన్ రావు నోట్లో చాయ్ చేదైంది. అశోక్ నగర్‌లో తండ్రి కట్టిన ఇల్లు అన్నదమ్ములిద్దరికీ చెరి సగమని కింది కోర్టు తీర్పిచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు లేపడానికి బిల్డరుతో మాట కూడా అయిపోయింది. మధ్యలో ఈ మూడో మనిషి ఎవరు?

"ఏందన్నా, పరేషాన్‌గ ఉన్నవ్?" అంది ఎదురుగా కూర్చున్న చెల్లెలు ప్రభావతి. నారాయణగూడ బడిలో టీచరు. బడి వదిలాక అప్పుడప్పుడు ఇటు వచ్చి పోతుంటుంది.

కిషన్ రావు సంగతి చెప్పి, "నా డౌటు లక్ష్మయ్య మీదనే," అన్నాడు. లక్ష్మయ్యది ఆ ఇంటి ముందు మడిగెలో పుస్తకాల దుకాణం. "నన్ను చూస్తె చాలు, ఫోను పట్టుకొని పక్కకు పోతడు."

"పాపం, మంచోడే గదన్నా."

"నీకు అందరు మంచోళ్లే. సరే, నీ ముచ్చటేంది?"

"లీవ్ పెట్టిన. ఇస్తరో ఇయ్యరో."

"ఎందుకియ్యరు? అది నీ హక్కు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఏమన్న అడిగినవా? నోరు లేనోళ్లను అందరు తొక్కుతరు. గట్టిగ అడుగు."

ప్రభావతి లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "నువ్వే అట్లంటె నాకు ధైర్యమొచ్చింది," అంది.

మర్నాడు కిషన్ రావు దుకాణం షట్టరు చాటున నిలబడి విన్నాడు. లక్ష్మయ్య ఫోనులో గుసగుసలాడుతున్నాడు. ఆగలేక ఎదురుపడ్డాడు.

"ఏం దాస్తున్నవ్ నా దగ్గర?"

"చిక్కడపల్లిల ఇంకో మడిగె చూసుకుంటున్న సార్," అన్నాడు లక్ష్మయ్య బిక్కమొహంతో. "మీరు ఇల్లు పడగొడ్తరంట గద. కిరాయికున్నోన్ని, నాకు కోర్టుతోని ఏం పని?"

కిషన్ రావు అనుమానం అక్కడి నుంచి లేచి తమ్ముడి మీద వాలింది. సగం చాలక వీడే ఎవణ్నో ఎగదోశాడేమో? ఫోను చేసి కడిగేశాడు.

"నువ్వే ఎవన్నో పెట్టిచ్చి నన్నడుగుతున్నవా?" తమ్ముడు అంతకంటే గట్టిగా అరిచాడు. "వారసులం మనమిద్దరమే అని కోర్టుల ప్రమాణం చేసినం గద, మూడోవాడు యాడికెళ్లి వస్తడు?"

చల్లారిన తగాదా మళ్లీ రాజుకుంది. కిషన్ రావుకు అన్నం సయించడం మానేసింది. ఆ వారంలోనే వకీలు మళ్లీ ఫోను చేశాడు.

"పర్మిషన్ ఇచ్చేసిన్రు సార్. అప్పీలు తేలేదాక ఇల్లు ముట్టద్దన్నరు. పేరు రేపు కాపీల చూసి చెప్త."

ఆ సాయంత్రమే ప్రభావతి దూద్‌పేడా డబ్బాతో వచ్చింది.

"లీవ్ ఇచ్చిన్రన్నా."

ఇంత దిగులులోనూ చెల్లెలి ముఖం చూసి అతనికి సంతోషం వేసింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "నేను చెప్పలె? అడిగితెనే ఇస్తరు. నీకు లీవిచ్చిన్రు, అక్కడ ఎవనికో పర్మిషన్ ఇచ్చిన్రు. ఒక్కటే దినం రెండు ఖబర్లు."

"రెండు కాదన్నా, ఒకటే," అంది ప్రభావతి, డబ్బా అతని ముందుకు జరుపుతూ.

"కోర్టుల పర్మిషన్‌నే లీవ్ అంటరన్నా."