లామా ఉన్ని తాడు

బొలీవియా కొండల్లో పాత గనికి కాపలా ఉండే సతుర్నీనా, అత్తగారు లామా జంతువు ఉన్నితో పేనిన బారెడు తాడుతో టార్చిని మణికట్టుకు కట్టుకునేది.

పొద్దుగూకాక ఇంటికెళ్తూ మరిది కసిమీరో నవ్వాడు. "టార్చికి పలుపేంటి వదినా, మేతకెళ్తుందా?"

"ఫోను గోతిలో పడేసుకుని ఏడ్చిందెవరో మరిదిగారూ?"

అతను వెళ్ళాక, చెక్కపలకలు కప్పి మూసేసిన గని గోతిలో రాయి దొర్లిన చప్పుడైంది. పలకల సందులోంచి వంగి చూస్తుంటే టార్చి చేజారింది. మణికట్టు కలుక్కుమంది కానీ తాడు తెగలేదు, ముడి జారలేదు. వెలుగు కింద చీకట్లో ఊగుతోంది.

"నీ చేతులు చల్లగుండ అత్తమ్మా!" అని మురిసిపోయింది.

ఊగడం ఠక్కున ఆగింది. చేతిమీద బరువు పోయి తాడు వదులైంది. ఆమె ఇంకా లాగనేలేదు. వెలుగు మాత్రం మెల్లగా పైకి వస్తోంది.