వాలులో కొలత

"మళ్లీ తాగేసింది," అన్నాడు కృష్ణచైతన్య, బానెట్ కిందనుంచి తల బయటికి తీసి.

చేతిలోని ఆయిల్ స్టిక్‌కి కింది గీత దాకా కూడా ఆయిల్ అంటలేదు.

"నిన్నేగా పోశారు?" అంది భార్య సుచిత్ర, గుమ్మంలో నిలబడి.

"నిన్నా పోశాను, మొన్నా పోశాను. కారు కొన్నానో, తాగుబోతుని తెచ్చి పెట్టుకున్నానో తెలియడం లేదు."

కోడూరులో రొయ్యల మేత కొట్టు అతనిది. ఆర్నెల్ల కిందట గుడివాడలో ఒక బ్రోకరు దగ్గర ఈ పాత కారు కొన్నాడు. ఇల్లు కరకట్ట పక్కనే, పల్లంలో. వానొస్తే వాకిట్లో మోకాలిలోతు నీళ్లు. అందుకని కారుని కట్ట ఎక్కే వాలు మీద, ముక్కు పైకి పెట్టి నిలుపుతాడు. పొద్దున్నే అక్కడే స్టిక్ తీసి చూస్తాడు. తక్కువుందని ఆయిల్ పోస్తాడు. బజారు చేరేసరికి వెనకాల నీలం పొగ.

బండి ఆయిల్ తాగుతోందని తెలిస్తే చాలు, ఊళ్లో ప్రతివాడూ డాక్టరే.

"రింగులు పోయాయి బావా. ఇంజన్ దించాల్సిందే," అన్నాడు మెకానిక్ బాబూరావు. "ఆ ఖర్చు పెట్టేకన్నా తుక్కుకి ఇచ్చేసి ఇంకోటి చూసుకో."

ఆ మాటే ఆలోచిస్తుండగా, ఆదివారం పూట ఒకాయన బస్సు దిగి వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు.

"నా పేరు జ్ఞానయ్యండీ. మాది బందరు. బస్సులోంచి కారు కనబడితే దిగాను."

"అమ్మకానికి కాదండీ."

"కొనడానిక్కాదండీ. ఊరికే, చూద్దామని."

ఆయన కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. కృష్ణచైతన్య చేతిలోని ఆయిల్ డబ్బా చూశాడు.

"ఆయిల్ ఇక్కడే చూస్తారాండీ?"

"ఆఁ."

"వాలులో చూడకూడదండీ. ఆయిలంతా వెనక్కి పోయి, స్టిక్‌కి అందదు. చదునుగా ఉన్నచోట పెట్టి, పది నిమిషాలు ఆగి చూడండి."

కృష్ణచైతన్యకి ఒళ్లు మండింది. ఆ వారంలో సలహా చెప్పినవాళ్లలో ఈయన ఐదోవాడు.

"సరే, చూస్తాంలెండి," అన్నాడు.

చూడలేదు.

మరుసటి ఆదివారం జ్ఞానయ్య మళ్లీ వచ్చాడు.

"చదునులో పెట్టి చూశారాండీ?"

"తీరిక లేదండీ. ఎలాగూ తుక్కుకి ఇచ్చేద్దామనుకుంటున్నాను."

ఆయన మొహం పాలిపోయింది.

"అంత పని చెయ్యకండీ. అది మంచి ఇంజన్. నా మాట వినండి."

"మీకెందుకండీ అంత బాధ?"

జ్ఞానయ్య కారు ముందు ఎడమ తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఒక్కసారి నన్ను ఎక్కించుకుని అవనిగడ్డ దాకా తీసుకెళ్తారాండీ? పెట్రోలు నేను పోయిస్తాను."

"మీరు నడుపుతారా?"

"వద్దండీ. మీరే నడపండి."

తుక్కు ధరకి బండి కొట్టేద్దామని ట్రయలు చూస్తున్నాడు, అనుకున్నాడు కృష్ణచైతన్య.

"అవనిగడ్డకి బస్సులు చాలా ఉన్నాయండీ."

"అవునండీ," అని ఆయన స్టాపు వైపు నడిచాడు.

"పెద్దాయన. ఒక్కసారి తిప్పితే మన సొమ్మేం పోయింది?" అంది సుచిత్ర.

"నీకు తెలీదు. ఇలాంటివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెడతారు."

సోమవారం పొద్దున్నే కారు గుడివాడ తుక్కు యార్డుకి వెళ్లిపోయింది.

శుక్రవారం కాగితాల మీద సంతకాలకని వెళ్తే, తుక్కు యార్డు విల్సన్ నవ్వాడు.

"ఇంజన్ పోయిందని ఎవరు చెప్పారండీ మీకు? ఆయిల్ పై గీత దాటి రెండు వేళ్లు ఎక్కువుంది. అంత పోస్తే ఏ ఇంజనైనా పొగ కక్కుతుంది. మీరు పోస్తున్నారు, అది కాలుస్తోంది."

కృష్ణచైతన్య యార్డంతా కలియజూశాడు.

"కారేదండీ?"

"ఇంజన్ తీసి పక్కన పెట్టాం. మిగతాదంతా నిన్ననే కోసేశాం."

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ పెద్దాయన మొహమే కళ్లముందు మెదిలింది. ఎప్పుడు ఆదివారం వస్తుందా, ఎప్పుడు తప్పు ఒప్పుకుందామా అనిపించింది. వస్తే ఏం చెప్పాలో తలుచుకుంటే భయమూ వేసింది.

జ్ఞానయ్య వచ్చాడు. ఖాళీ వాలు చూసి రోడ్డు మీదే ఆగిపోయాడు.

"షెడ్డులో ఉందాండీ?"

"లేదండీ. ఇచ్చేశాను."

"ఎవరికండీ? ఊరు చెప్పండి చాలు, నేను వెళ్తాను."

అబద్ధం చెబుదామనుకున్నాడు కృష్ణచైతన్య. చేతకాలేదు.

"తుక్కుకిచ్చానండీ. కోసేశారు."

కారు నిలిపే చోటనే, ఆ గడ్డిలో జ్ఞానయ్య కూర్చుండిపోయాడు. సుచిత్ర మంచినీళ్లు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"మీరు చెప్పిందే నిజమండీ. నేనే వినలేదు," అన్నాడు కృష్ణచైతన్య, ఆయన పక్కన కూర్చుని. "చూడగానే పట్టేశారు. ఎన్నేళ్లు చేశారండీ, మెకానిక్కుగా?"

"మెకానిక్కుని కాదండీ. బందరులో బట్టలు కుట్టేవాణ్ణి. అవన్నీ మా ఆవిడ రాజమ్మ మాటలు. ఆసుపత్రిలో నర్సు చేసేది. ఆ కారు ఆవిడదే. ఆవిడ పోయి రెండేళ్లయింది."

"మరి అమ్మడమెందుకండీ? మీరు నడుపుకునేవారుగా," అంది సుచిత్ర.

"నాకు నడపడం రాదమ్మా," అన్నాడు జ్ఞానయ్య, "పన్నెండేళ్లూ ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చున్నానంతే."